బి-ఫారం ఓటరే ఇచ్చే ఊళ్ళో ఏడు రోజులు

జనవరి 18, 2024, గురువారం. నాషువా

బోస్టన్‌లో విమానం దిగి బయటికొచ్చేసరికి సాయంత్రం నాలుగున్నర. అప్పటికే చీకటి పడుతోంది. అమ్మాయీ అల్లుడుగారూ ఇద్దరూ వచ్చారు. వాళ్ళుండే నాషువా అక్కణ్ణించి గంట దూరం. మసాచుసెట్స్ దాటి న్యూ హాంప్‌షైర్‌లోకి అడుగు పెట్టామో లేదో, రోడ్డు పక్కన మంచు గుట్టల మీద పేర్లు కనిపించడం మొదలైంది. రిపబ్లికన్ పార్టీ టికెట్ కోసం పోటీపడుతున్న ట్రంప్, హేలీ, డిసాంటిస్. చిన్న చిన్న ప్లాస్టిక్ బోర్డులు, ఇనప చువ్వలతో మంచులోకి గుచ్చి ఉన్నాయి. ఫ్లెక్సీలు లేవు, కటౌట్లు లేవు, మైకు కట్టిన ఆటోలు లేవు. కొన్ని బోర్డుల మీద మాత్రం "జో బైడెన్ పేరు రాయండి" అని ఉంది. రాయడమేమిటని అడిగాను. "అది పెద్ద కథ మావయ్యగారూ, ఇంటికెళ్ళాక చెప్తాను" అన్నారు అల్లుడుగారు.

తణుకు దగ్గర హైస్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాను. ఆ సర్వీసులో ఆరుసార్లు ప్రిసైడింగ్ ఆఫీసరుగా డ్యూటీ పడింది. మిషను అందుకున్నది మొదలు, పోలైన ఓట్ల లెక్క రాసే 17-సి ఫారం చేతికిచ్చేదాకా నిద్ర ఉండేది కాదు. అందుకే అమ్మాయి "జనవరిలో చలి నాన్నా, మే నెలలో రండి" అన్నా వినలేదు. 23న ఇక్కడ ప్రైమరీ ఎన్నిక. అది చూడాలనే వచ్చాను.

రాత్రి అన్నం తింటూ అల్లుడుగారు చెప్పింది ఇదీ. నవంబరులో అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ముందు, ఏ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో రాష్ట్రాలవారీగా ఓటర్లే తేలుస్తారు. ఆ వరుసలో ఓటు పెట్టెతో జరిగే మొదటి ఎన్నిక తమదే కావాలని న్యూ హాంప్‌షైర్ ఏకంగా చట్టం రాసుకుంది. ఇలాంటి ఎన్నిక మరే రాష్ట్రమైనా ముందుకు జరిపితే, దానికన్నా కనీసం వారం ముందు ఇక్కడ జరిగి తీరాలి. ఎనిమిది రోజుల ముందు జరిగే అయోవా వాళ్ళది మీటింగు పద్ధతి కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోరు. 1920 నుంచీ ఈ మొదటి స్థానం వీళ్ళదే.

అయితే ఈసారి డెమొక్రటిక్ పార్టీ దక్షిణ కరోలినాకు మొదటి చోటు ఇచ్చింది. న్యూ హాంప్‌షైర్‌లో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది తెల్లవాళ్ళే, దేశమంతటి తరఫునా వీళ్ళే మొదట మాట్లాడడం న్యాయమా అన్నది ఆ పార్టీ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే అనిపించింది నాకు. వీళ్ళు మాత్రం మా చట్టం మాది అన్నారు. దాంతో అప్పుడు అధ్యక్షుడిగా ఉన్న బైడెన్ ఇక్కడ నామినేషన్ వెయ్యలేదు. అభ్యర్థిని ఖరారు చేసే పార్టీ మహాసభకు ఈ ఓటింగుతో ప్రతినిధులు రారని పార్టీ ముందే చెప్పేసింది. అయినా ఆయన అభిమానులు ఊరుకోకుండా, బ్యాలెట్‌లో లేని పేరును ఓటర్లచేత చేత్తో రాయించాలని బయల్దేరారు. ఆ బోర్డుల వెనక కథ అది.

జనవరి 19, శుక్రవారం. కాంకర్డ్

రాజధాని కాంకర్డ్‌కు ముప్పావు గంట ప్రయాణం. పసిడి గుమ్మటం ఉన్న గ్రానైట్ భవనం, 1819 నాటిది. అప్పటి హాల్లోనే ఇప్పటికీ శాసనసభ కూర్చుంటోంది. లోపలికి వెళ్ళడానికి పాసు అడగలేదు, ఎవరి సిఫారసూ అవసరం పడలేదు. గైడు చెప్పిన ఒక్క అంకె దగ్గర నేను ఆగిపోయాను. కింది సభలో 400 మంది సభ్యులు. రాష్ట్ర జనాభా సుమారు 14 లక్షలు. అంటే ప్రతి మూడున్నర వేల మందికి ఒక సభ్యుడు. మన ఆంధ్రాలో అయిదు కోట్ల మందికి 175 మంది ఎమ్మెల్యేలు! పైగా వీళ్ళ జీతం ఏడాదికి 100 డాలర్లు. పంతొమ్మిదో శతాబ్దంలో పెట్టిన జీతం, ఇప్పటికీ పెంచుకోలేదు. మెకానిక్కులు, రిటైరైన టీచర్లు, గృహిణులు, అందరూ ఆ కుర్చీల్లో కూర్చుంటారట. మా పక్కింటాయన కూడా ఒకప్పుడు మెంబరేనని అమ్మాయి అన్నప్పుడు మొదట నమ్మలేదు.

రెండో అంతస్తులో రాష్ట్ర కార్యదర్శి ఆఫీసు. అధ్యక్ష పదవికి పోటీపడేవాళ్ళు వచ్చి నామినేషన్ వేసేది అక్కడే. రుసుము 1,000 డాలర్లు. వేల సంతకాలు తేనక్కర్లేదు. డబ్బు కట్టి సంతకం పెడితే పేరు బ్యాలెట్ మీదికి ఎక్కుతుంది. అందుకే ఈసారి రిపబ్లికన్ కాగితం మీద 24 పేర్లు, డెమొక్రటిక్ కాగితం మీద 21 పేర్లు ఉన్నాయి.

ఇంత చిన్న రాష్ట్రం మాటకు అంత బరువెందుకని అడిగితే గైడు పాత సంగతులు చెప్పాడు. 1952 వరకూ ఇక్కడ జనం ఓటు వేసింది పార్టీ ప్రతినిధులకే. ఆ ఏడాది అభ్యర్థుల పేర్లే నేరుగా బ్యాలెట్ మీదికి వచ్చాయి. పదవిలో ఉన్న ట్రూమన్ ఇక్కడ ఓడి, తర్వాత పోటీ నుంచే తప్పుకున్నాడు. 1968లో వియత్నాం యుద్ధ కాలంలో ప్రెసిడెంట్ జాన్సన్ ఇక్కడ గెలిచాడు. కానీ మెకార్తీ అనే సెనెటర్ ఆయనకు అతి దగ్గరగా వచ్చాడు. మూడు వారాలు తిరక్కుండానే జాన్సన్ మళ్ళీ పోటీ చెయ్యనని ప్రకటించాడు.

నవంబరు ఎన్నికలో అధ్యక్షుణ్ణి తేల్చేవి రాష్ట్రాలకు పంచిన 538 ఎలక్టొరల్ ఓట్లు. వాటిలో ఈ రాష్ట్రానికి ఉన్నవి 4 మాత్రమే. ఇక్కడ ఎక్కువ ఓట్లు వచ్చినవాడికే ఆ నాలుగూ పోతాయి. 2000లో బుష్ ఇక్కడ ఏడు వేల పైచిలుకు మెజారిటీతో గెలిచాడు. దేశం మొత్తం మీద ఆయనకు 271 ఎలక్టొరల్ ఓట్లు, ప్రత్యర్థి గోర్‌కు 266 వచ్చాయి. కారులో కూర్చున్నాక వేళ్ళ మీద లెక్కేశాను. ఈ నాలుగూ అటు పడుంటే గోర్‌కు 270 వచ్చేవి, ఆయనే అధ్యక్షుడు. అందరూ ఫ్లోరిడా గురించే మాట్లాడుకున్నాం ఆ రోజుల్లో. తణుకు బస్టాండులో కొన్న పేపర్లో ఫ్లోరిడా మాటే తప్ప న్యూ హాంప్‌షైర్ పేరు చూసిన గుర్తు లేదు.

జనవరి 20, శనివారం. మాంచెస్టర్

రాష్ట్రంలో పెద్ద ఊరు ఇది. మెరిమాక్ నది ఒడ్డున మైళ్ళ పొడవునా ఎర్ర ఇటుకల పాత బట్టల మిల్లులు. మధ్యాహ్నం రెడ్ ఆరో అనే చిన్న హోటల్‌కి వెళ్ళాం. 1922 నుంచి ఉంది. ప్రచారానికి వచ్చే ప్రతి నాయకుడూ అక్కడి కౌంటరు ముందు బల్లపీట మీద కూర్చుని ఓటర్ల పక్కనే తింటాడు. ఎవరెవరు వచ్చారో పేర్లు రాసిపెట్టారు. వడ్డించే ఆవిడ ముగ్గురు అధ్యక్షులకు కాఫీ పోసిందట. ఆ మాట గొప్పగా కాకుండా, మన వీధి చివర టీకొట్టు ఆయన మునసబుగారి గురించి చెప్పినట్టు చెప్పింది.

సాయంత్రం అరీనాలో ట్రంప్ సభ. గడ్డ కట్టే చలిలో క్యూ వీధి చివరిదాకా ఉంది. లారీల్లో తోలుకొచ్చిన జనం కాదు, ఎవరి కారులో వాళ్ళొచ్చారు. మేం లోపలికి వెళ్ళలేదు. నాకు మోకాళ్ళు బిగుసుకుపోయాయి.

జనవరి 21, ఆదివారం. నాషువా

ఇంట్లో నాలుగు తెలుగు కుటుంబాలు భోజనానికి వచ్చాయి. ఇక్కడ ఐటీ ఉద్యోగాల్లో మనవాళ్ళు బాగానే ఉన్నారు. గుత్తివంకాయ కూర, పప్పుచారు, మధ్యలో ఎన్నికల మాట. పెద్దవాళ్ళు పదిమందిలో ఓటు ఉన్నది ముగ్గురికే. మిగతావాళ్ళు వీసా మీదో గ్రీన్ కార్డు క్యూలోనో ఉన్నారు. ఒకాయన పదమూడేళ్ళుగా పన్నులు కడుతున్నాడు, ఓటు మాత్రం లేదు. "మా భవిష్యత్తు తేల్చే ఎన్నిక ఇది మాస్టారూ, మేం మాత్రం టీవీలో చూడాలి" అన్నాడు. ఆ గొంతులో బాధ నాకు తగిలింది. ఓటు విలువ ఓటు లేనివాడికే బాగా తెలుస్తుంది కాబోలు.

పంజాబీ తల్లిదండ్రులకు పుట్టిన నిక్కీ హేలీ ట్రంప్‌కు ఎదురు నిలబడడం వాళ్ళకు గర్వంగా ఉంది. ఆవిడ విధానాలు మాత్రం నచ్చనివాళ్ళు కూడా అక్కడే ఉన్నారు. వాదన జోరుగా నడుస్తుండగా ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి. డిసాంటిస్ పోటీ నుంచి తప్పుకున్నాడని వార్త. ఇంక మిగిలింది ఇద్దరే. తప్పుకున్నవాళ్ళ పేర్లు మాత్రం అచ్చయిన బ్యాలెట్ మీద అలాగే ఉంటాయి.

అమ్మాయి మూడేళ్ళ క్రితం పౌరసత్వం తీసుకుంది. ఓటరు లిస్టులో ఏ పార్టీ పేరూ రాయించుకోలేదు. అలాంటివాళ్ళను ఇక్కడ 'అన్‌డిక్లేర్డ్' అంటారు. రాష్ట్రంలో అన్నిటికన్నా పెద్ద గుంపు వాళ్ళదే. ఎన్నిక రోజున వాళ్ళు ఏ పార్టీ కాగితమైనా అడిగి తీసుకోవచ్చు, కానీ ఒకటే. ఫలానా పార్టీ అని ముందే రాయించుకున్నవాళ్ళకు ఆ అవకాశం లేదు. పార్టీ మార్చుకునే గడువు అక్టోబరులోనే అయిపోయింది. "ఎవరికి వేస్తావమ్మా?" అనే మాట నా నోటిదాకా వచ్చింది. ఆరుసార్లు ప్రిసైడింగ్ ఆఫీసరుగా చేసినవాణ్ణి, అడగకూడదనుకున్నాను.

జనవరి 22, సోమవారం. డిక్స్‌విల్ నాచ్

ఈ రోజు కోసమే అల్లుడుగారు సెలవు పెట్టారు. రాష్ట్రం ఉత్తరపు కొసన, కెనడా సరిహద్దుకు దగ్గర్లో డిక్స్‌విల్ నాచ్ అనే చోటుంది. ఊరు అనడానికి కూడా లేదు. ఓటర్లు ఆరుగురు. అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే ఓటు వేసి, అప్పుడే లెక్కపెట్టి, దేశంలో మొదటి ఫలితం చెప్తారు.

మధ్యాహ్నం ఒంటిగంటకు బయల్దేరాం. దారిలో రేడియోలో ఒక వార్త విని కారులో ఇద్దరం మాట్లాడుకోవడం ఆపేశాం. బైడెన్ గొంతుతో ఓటర్లకు ఫోన్లు వెళ్ళాయట. మంగళవారం ఓటు వెయ్యొద్దు, నవంబరుకు దాచుకోండి అని. అది ఆయన గొంతు కాదు, కంప్యూటరుతో తయారుచేసిన నకిలీ. ప్రైమరీలో వేస్తే నవంబరు ఓటు ఖర్చయిపోతుందని ఎక్కడా లేదు, రెండూ వేరు వేరు ఓట్లు. దర్యాప్తు జరుగుతోందని రాష్ట్ర అటార్నీ జనరల్ చెప్పారు. మా రోజుల్లో రిగ్గింగ్ అంటే పెట్టె ఎత్తుకుపోవడం, సిరా పొయ్యడం. పట్టుకోవడానికి ఒక మనిషి కనిపించేవాడు. ఓటరు చెవిలోకే నేరుగా వెళ్ళి అబద్ధం చెప్పే గొంతును ఏ ఆఫీసరు ఆపగలడు? ఆ రోజంతా నాకు అదే ఆలోచన. ఫిబ్రవరిలోనే అలాంటి నకిలీ గొంతు ఫోన్లు చట్టవిరుద్ధమని కేంద్ర కమ్యూనికేషన్ల సంస్థ తీర్మానించింది. వాటిని చేయించిన రాజకీయ సలహాదారుకు తర్వాత 60 లక్షల డాలర్ల జరిమానా కూడా వేసింది. ఆ వార్తలు ఇంటికొచ్చాక చదివాను.

ఫ్రాంకోనియా లోయలో కాసేపు ఆగాం. అక్కడ కొండ కొసన ముసలాయన ముఖంలా ఒక రాతి రూపం ఉండేదట, రాష్ట్రానికే గుర్తు. 2003 మేలో విరిగిపడిపోయింది. కార్ల నంబరు ప్లేట్ల మీద ఆ ముఖం ఇంకా ఉంది, దాంతోపాటు "స్వేచ్ఛగా బతుకు, లేదా చావు" అనే రాష్ట్ర నినాదం. అక్కణ్ణించి ఉత్తరానికి ఇళ్ళు పలచబడ్డాయి. కోల్‌బ్రూక్‌లో సూపు తాగి, 26వ నంబరు రోడ్డెక్కాం. ఎదురుగా రెండు కొండ గోడలు, వాటి మధ్య ఇరుకు సందు. ఆ సందుకు ముందే మంచు కప్పిన చెరువు, దాని పక్కన బాల్సమ్స్ అనే పెద్ద హోటలు. 2011లో మూతపడింది. చీకట్లో దాని కిటికీలు చూస్తే మనుషులు వదిలేసిన జమీందారు కోట గుర్తొచ్చింది.

ఈ అర్ధరాత్రి ఓటు 1960లో మొదలైంది. హోటలు యజమాని నీల్ టిలట్సన్ దాన్ని పెట్టాడు. 2001లో 102 ఏళ్ళ వయసులో చనిపోయాడు. ఆయన పేరుతో ఉన్న ఇంట్లోనే ఈసారి పోలింగు. రోడ్డు మీద టీవీ వ్యాన్లే వ్యాన్లు. లోపల ఓటర్లు, ఎన్నికల సిబ్బంది, విలేకరులు, అంతే. మాకు చోటు లేదు. ఇంటి బయట, గాజు కిటికీ నుంచి పడే వెలుగులో, ఇంకో ఇరవైమందితో కలిసి నిలబడ్డాం. అల్లుడుగారు తన మఫ్లరు తీసి నా చెవులకు చుట్టారు.

పన్నెండు దాటింది. ఆరు కాగితాలు. లెక్కపెట్టడానికి ఎంతసేపు? బయట మంచులో మా చేతుల్లో ఫోన్లు వెలిగాయి. ఆరుకు ఆరూ నిక్కీ హేలీకే. రెండు గోడల అవతల చదివిన ఫలితం అమెరికా అంతా తిరిగి మా ఫోన్లోకి వచ్చింది. అక్కడున్న ఆరుగురిలో నలుగురు రిపబ్లికన్లు, ఇద్దరు ఏ పార్టీ లేనివాళ్ళు.

చట్టంలో ఒక వెసులుబాటు దీనికి ఆధారం. లిస్టులో ఉన్నవాళ్ళంతా ఓటేసేస్తే పోలింగు ముగించవచ్చు. నూటికి నూరు శాతం పోలింగు! నా సర్వీసులో 93 శాతం వచ్చిన బూతుకే కలెక్టరుగారు మెచ్చుకున్నారు. ఆరుగురే కావచ్చు. కానీ ఒక్కరు రాకపోయినా, ఒక్కరికి జ్వరమొచ్చినా ఆ రాత్రి ఆ ఫలితం చెప్పడం కుదరదు. ప్రతి ఒక్కరి ఓటూ అంత ఖచ్చితంగా కావాల్సిన పోలింగు కేంద్రం నేనింకెక్కడా చూడలేదు. అదే ఏడాది నవంబరులో ఆ ఇంట్లోనే ట్రంప్‌కు 3, కమలా హారిస్‌కు 3 వచ్చాయి. రాష్ట్రం మొత్తం మీద హారిస్ స్వల్ప తేడాతో గెలిచి ఆ నాలుగు ఓట్లూ తీసుకుంది.

జనవరి 23, మంగళవారం. నాషువా

రాత్రి దారిలో ఒక లాడ్జిలో పడుకుని, మధ్యాహ్నానికి ఇల్లు చేరాం. అమ్మాయి మాకోసం ఓటు వెయ్యకుండా ఆగింది. నాషువాలో తొమ్మిది వార్డులు. మా వార్డు పోలింగు ఒక స్కూలు జిమ్‌లో.

గేటు దగ్గరే నాకు కాళ్ళు ఆగాయి. బోర్డులు పట్టుకుని ప్రచారం చేస్తున్నారు, పోలింగు జరుగుతుండగా! మన దగ్గర 48 గంటల ముందే ప్రచారం ఆగిపోవాలి, వంద మీటర్ల గీత లోపల కండువా కనిపిస్తే కేసు. ఇక్కడ లోపలికి దారి అడ్డం రాకుండా నిలబడితే చాలు. ట్రంప్ బోర్డు పట్టుకున్నాయన, బైడెన్ పేరు రాయమంటున్న ఆవిడ పక్కపక్కనే నిలబడి ఒకే ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంటున్నారు. ప్రచారాన్ని ఆపక్కర్లేనంత నిబ్బరం వాళ్ళకు ఎక్కణ్ణించి వచ్చిందా అని చాలాసేపు చూశాను. లోపల మాత్రం టోపీ మీద అభ్యర్థి పేరున్నా తీసెయ్యమంటున్నారు.

లోపల ఒక కంచె కట్టారు. ఓటర్లు కానివాళ్ళు దాని అవతల నిలబడి ఎంతసేపైనా చూడవచ్చు. నేను నిలబడ్డాను. మన ప్రిసైడింగ్ ఆఫీసరు స్థానంలో ఇక్కడ 'మోడరేటరు' ఉంటాడు. ప్రభుత్వ ఉద్యోగి కాదు, వార్డు జనం ఎన్నుకున్న మనిషి. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళలో సగంమందివి తెల్ల జుట్లే. అమ్మాయి కార్డు చూపించింది. అడ్రసు అడిగారు, స్కేలు పెట్టి పేరు మీద గీత గీశారు. వేలికి సిరా లేదు.

తర్వాత అడిగారు. "ఏ పార్టీ కాగితం?"

అది పైకి చెప్పాల్సిందే. అమ్మాయి చెప్పింది, కంచె అవతల నాకు వినిపించింది. ఆ మాట ఇక్కడ రాయను. మడతలేని పెద్ద కాగితం తీసుకుని తెర చాటుకు వెళ్ళింది. గుర్తులు ఉండవు, పేర్లే. పేరు పక్కన కోడిగుడ్డు ఆకారంలో ఉన్న గడిని పెన్నుతో నింపాలి. మిషను ఆ కాగితాన్ని చదివి లెక్కపెడుతుంది, కాగితం మాత్రం కింద పెట్టెలో భద్రంగా ఉంటుంది. పేరు చేత్తో రాసిన కాగితాలను మిషను వేరు చేస్తుంది. బయటికొచ్చే దారిలో ఇంకో బల్ల. అక్కడ అమ్మాయి ఒక సంతకం పెట్టి మళ్ళీ ఏ పార్టీ లేని మనిషైంది. మూడు నిమిషాల సేపు ఒక పార్టీ సభ్యురాలు, ఆ మూడు నిమిషాల్లో ఆ పార్టీ టికెట్ ఎవరికో తన మాట చెప్పేసింది.

మన దగ్గర, ఫలానావాడే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే బి-ఫారం ఎవరి చేతికొస్తుందో నామినేషన్ల ఆఖరు రోజు దాకా టెన్షనే. అది ఎవరు ఇస్తారో, ఎందుకిస్తారో ఓటరుకు చెప్పేవాళ్ళుండరు. ఆ కంచె పట్టుకుని నిలబడినప్పుడు నాకు అసూయ కలిగింది. నిజమే చెప్తున్నాను.

ఇంతలో ఒక కుర్రాడు కంగారుగా వచ్చాడు. ఇరవై ఏళ్ళుంటాయి. లిస్టులో పేరే లేదు. మన దగ్గరైతే వెనక్కి పంపడం తప్ప నా చేతుల్లో ఏమీ ఉండేది కాదు, ఎంతమందినో అలా పంపాను, కొందరి ముఖాలు ఇప్పటికీ గుర్తే. ఇక్కడ పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టి కాగితాలు చూసి, అక్కడికక్కడే ఓటరుగా చేర్చుకున్నారు. పావుగంటలో ఓటేసి వెళ్ళిపోయాడు.

రాత్రి ఎనిమిదికి తలుపులు మూశారు. మేం కదల్లేదు. మిషనులోంచి బస్సు టికెట్లలా పొడుగాటి చీటీ వచ్చింది. దాన్ని మోడరేటరు పైకి చదివాడు. తర్వాత బల్లల దగ్గర ఇద్దరిద్దరు కూర్చుని, చేత్తో రాసిన పేర్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఒకరు చదువుతారు, ఇంకొకరు గీత పెడతారు. జో బైడెన్, జె. బైడెన్, బైడెన్, ఒక్కో చోట స్పెల్లింగు తప్పు. ఓటరు మనసులో ఎవరున్నారో తెలిస్తే చాలు, ఆ ఓటు చెల్లుతుంది. ఆ గీతలు చూస్తుంటే, బ్యాలెట్ పేపర్ల కాలంలో నేనూ తోటి టీచర్లూ కట్టలు కట్టిన రాత్రులు గుర్తొచ్చాయి.

ఎనిమిదింటికే టీవీలు ట్రంప్ గెలిచాడని చెప్పేశాయి. ఆయనకు 54 శాతం, హేలీకి 43. రిపబ్లికన్ ప్రతినిధులు 22 మందిని ఓట్ల నిష్పత్తిలో పంచితే ఆయనకు 13, ఆవిడకు 9. డెమొక్రాట్ల వైపు, కాగితం మీద పేరే లేని బైడెన్‌కు 64 శాతం దాకా వచ్చాయి. అన్నీ ఓటర్లు సొంత చేత్తో రాసినవే, ప్రతినిధులు రాకపోయినా సరేనని రాసినవి. ట్రంప్ విజయోత్సవం నాషువాలోనే ఒక హోటల్లో జరిగింది. ఇంటికి వెళ్ళే దారంతా పోలీసు కార్ల లైట్లు.

జనవరి 24, బుధవారం. నాషువా

పొద్దున లేచి బయటికొస్తే వీధి చివర, నిన్న బైడెన్ పేరు రాయమన్న ఆవిడ మంచులోంచి బోర్డులు పీకుతోంది. నేను కూడా వెళ్ళి నాలుగు పీకాను. ఇనప చువ్వ గడ్డకట్టిన మట్టిలో ఇరుక్కుపోయింది, ఇద్దరం కలిసి లాగితే గానీ రాలేదు. దాచుకుంటానంటే ఒక బోర్డు నాకిచ్చింది.

లోపలికొచ్చి కాఫీ తాగుతుండగా తణుకు నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. అక్కడ రాత్రి ఏడైంది. ఇంకో మూడు నాలుగు నెలల్లో మన ఎన్నికలు. ఇన్‌చార్జిల మార్పులతో ఊరంతా ఒకటే చర్చట. అక్కడ ఎవరు గెలిచారని అడిగాడు, చెప్పాను.

"మరి మన నియోజకవర్గం టికెట్ ఎవరికిరా?" అన్నాను.

"పై నుంచి ఇంకా ఏమీ రాలేదన్నయ్యా. చూడాలి."